అలసిన చేతి కొలత

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఆమె మడతపెట్టిన దుప్పటి అంచు పక్క అంచుతో ఒక్కసారి కూడా పేచీ పడలేదు. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది గానీ దాన్ని చదివేవాళ్ళు ఎవరూ లేరు.

పని నేలమాళిగలో. కిటికీ అన్నది లేని పొడవాటి గది. ఒక కొసన ఉతికే యంత్రాలు, మధ్యలో ఆరబెట్టేవి, రెండో కొసన మంచమంత వెడల్పున్న వేడి రోలర్లు రెండు, వాటిలో ఒకటి ఆమెది. తడి ఆరీ ఆరని దుప్పటిని ఇటు నుంచి అందిస్తే అటు నుంచి కొత్త కాగితంలా వస్తుంది. వచ్చినదాన్ని పట్టుకుని, నాలుగు మడతలు వేసి, దొంతర పెట్టాలి. అందించేదీ ఆమే, అందుకునేదీ ఆమే. వార్డుల్లో మనుషులు పడుకుని ఉంటారు, ఆపరేషన్లవుతుంటాయి, పిల్లలు పుడుతుంటారు. వాటన్నిటి కిందా పరిచినవి చివరికి ఇక్కడికే చేరతాయి. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు పీక్కుపోతాయి, చెవుల్లో యంత్రాల హోరు మిగిలిపోతుంది. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాక కూడా ఆ హోరు ఓ గంటసేపు ఆమెను వదలదు.

ఆరేళ్ళ క్రితం ఆ రోలరే ఆమె ఎడమ చేతిని కాస్త రుచి చూసింది. ముడుచుకున్న అంచును సర్దబోతే వేళ్ళను లోపలికి లాక్కుంది. యంత్రం తనంతట తానే ఆగబట్టి సరిపోయింది. గాయం మానాక చిటికెన వేలు అరచేతి వైపు ముడుచుకుని అలాగే ఉండిపోయింది. ఉంగరం వేలు సగం దాకా వంగి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోతుంది. "చెయ్యే పోవాల్సింది, రెండు వేళ్ళతో పోయింది" అన్నారు చూసినవాళ్ళంతా. ఆమె కూడా అవునంది. మూడు నెలలకు మళ్ళీ అదే రోలరు ముందు నిలబడింది.

అలాంటి మనిషికి వాయిద్యం మీద మనసు పోవడం ఎలా జరిగిందంటే, ఒక బుధవారం వల్ల.

బుధవారం బుధవారం పిల్లల వార్డుకు ఒక పాటల టీచరమ్మ వచ్చేది. చంకలో నాలుగు తీగల చిన్న వాయిద్యం ఉండేది, గిటారుకు పుట్టిన పిల్లలాగా. దాన్ని యుకులేలే అంటారని మడతక్కకు అప్పటికి తెలియదు. ఆమె ఉతికిన గౌన్ల బండి తోసుకుంటూ వార్డులోకి వెళ్ళిన సమయానికి టీచరమ్మ గొంతు ఎండిపోయి, "ఒక్క నిమిషం పట్టుకోండమ్మా, నీళ్ళు తాగి వస్తా" అంటూ దాన్ని ఆమె చేతిలో పెట్టేసింది, గొడుగు పట్టుకోమన్నంత తేలిగ్గా.

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న పిల్ల ఆమెనే చూస్తోంది.

"వాయించు" అంది.

"నాకు రాదు తల్లీ."

"రాకపోతే గీకు."

మడతక్క కుడి బొటనవేలితో నాలుగు తీగల్నీ పై నుంచి కిందికి ఒక్కసారి గీకింది. వాయిద్యం పొట్టకు ఆనించుకుని ఉండటంతో ఆ శబ్దం చెవికన్నా ముందు పొట్టకే తగిలింది. అంత చిన్నదానిలోంచి అంత మెత్తటి చప్పుడు వస్తుందని ఆమె అనుకోలేదు. పిల్ల పెద్దగా మెచ్చుకోలేదు, తల తిప్పుకుంది. టీచరమ్మ వచ్చి తనది తాను తీసుకుంది. బండి తోసుకుంటూ లిఫ్టు దాకా వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు, తను ఊపిరి బిగబట్టి నడుస్తోందని.

మరుసటి నెల కొట్టుకెళ్ళి ఒకటి కొనుక్కుంది. ఫ్యాక్టరీలో తయారైంది, ఎర్రగా, మెరుస్తూ ఉంది. టీచరమ్మ భోజన విరామంలో, తీగల మీద ఏ వేలు ఎక్కడ నొక్కాలో రెండు పట్లు చూపించింది. కానీ ఆ సన్నటి మెడ మీద ఆమె చెయ్యి కుదరలేదు. ముడుచుకున్న చిటికెన వేలు అడ్డంగా వచ్చి తీగకు తగులుతోంది. చూపుడు వేలితో ఒక తీగ నొక్కితే పక్క తీగ కూడా నలిగి 'టక్' మని చచ్చిన చప్పుడు చేస్తోంది. తీగలు తిప్పి కట్టి, కుడి చేత్తో నొక్కి ఎడమ చేత్తో మీటి చూసింది. కాలిన చర్మం బిగుసుకుపోయి మణికట్టు తిరగలేదు. నెల రోజులు అలా కుస్తీ పట్టి, ఎర్రదాన్ని బీరువా మీదికి ఎక్కించేసింది.

"ఊరికి ఆ చివర ఒకాయన ఉన్నారు" అంది టీచరమ్మ. "చేత్తో చేస్తారు. మనిషిని చూసి, ఆ మనిషికి తగ్గట్టు చేస్తారు. కాస్త ఆలస్యం, కాస్త కోపం. పనితనం గురించి మాత్రం నేను మాట్లాడక్కర్లేదు."

ఆ సంగతి ఇంట్లో చెప్పేసరికి భర్త తింటున్నవాడు తల ఎత్తాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఊరందరినీ పైకి చేర్చి, తను మాత్రం లిఫ్టు లేని ఇంటికి నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చే మనిషి. ఆ మెట్ల దగ్గరే రోజూ ఆయన తల ప్రాణం తోకకు వస్తుంది.

"ఏంటీ, కొలతలిచ్చి చేయించుకుంటావా, చొక్కాలాగా?"

"అవునండీ."

"ఒకటి కొన్నావు కదా. అది బీరువా ఎక్కి కూర్చుంది."

"అది నా చేతికి సరిపోలేదు."

"సరిపడే చెయ్యి కాదు గదా మరి" అన్నాడు. అనేశాక, అనకుండా ఉండాల్సిందని ఆయనకే తెలిసింది. గిన్నె తీసి కడుక్కోవడానికి లేచాడు. ఆమె కూడా మాట పెంచలేదు. ఇద్దరికీ పోట్లాడుకునేంత ఓపిక ఏ సాయంత్రమూ ఉండదు.

సెలవు రోజు పొద్దున్నే రెండు బస్సులు మారి ఆ వాయిద్యాలు చేసేవాయన దగ్గరకు వెళ్ళింది. మూతపడ్డ అచ్చాఫీసు పైన ఒక గది. లోపల జిగురు వాసన, కాళ్ళకింద చిత్రిక పట్టిన చెక్క పొట్టు, గోడకు వరసగా ఉలులు. గది మధ్య బల్ల మీదికి వంగి డెబ్బై ఏళ్ళ ముసలాయన, ముక్కు మీద ఒక జత కళ్ళద్దాలు, నుదుటి మీద ఇంకో జత.

"చెప్పండి" అన్నాడు తల ఎత్తకుండానే.

చెప్పాలనుకున్నవన్నీ బస్సులోనే మరిచిపోయింది. ఎడమ చెయ్యి ముందుకు చాపి, "ఇదీ సంగతి మాస్టారూ" అంది.

ఆయన ఆకురాయి పక్కన పెట్టి, చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టర్లు గాయాన్ని చూశారు. ఈయన చేతిని చూశాడు. తిప్పాడు, బరువు తూచినట్టు పట్టుకున్నాడు, ఒక్కో వేలునూ అది ఎంత దాకా వస్తానంటే అంత దాకా మాత్రమే వంచాడు. ఒక మైనం ముద్ద ఇచ్చి, వాయిద్యం మెడ పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు. ఆమె చేతి పట్టు మైనంలో దిగింది, చిటికెన వేలి గుంటతో సహా. చిన్న కాగితం మీద లెక్కలు రాసుకున్నాడు.

"ఏ పాటలు వాయిస్తారు?"

"పాటలేవీ రావు."

"మరి దేనికి?"

"సాయంత్రం ఓ పది నిమిషాలు, నాకు వినబడేంత చప్పుడు చేసుకుందామని."

ఆయన నవ్వలేదు. రెండు చెక్క పలకలు తెచ్చి, ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి, మెటికతో కొట్టి వినిపించాడు. ఒకటి ఖంగుమంది. ఒకటి మెల్లగా మూలిగింది. ఆమె రెండోదే కావాలంది.

"ఎక్కువమంది మొదటిదే అడుగుతారు."

"పొద్దస్తమానం అరుపులే వింటాను మాస్టారూ. ఇది నెమ్మదస్తురాల్లా ఉంది."

"ఆర్నెల్లు" అన్నాడాయన, మళ్ళీ బల్ల మీదికి వంగుతూ.

ఆ ఆర్నెల్లు తొమ్మిదయ్యాయి. ఫోను చేస్తే ఎత్తడు, ఎత్తితే "పని మీదే ఉన్నా" అని పెట్టేస్తాడు. ఈలోగా లాండ్రీలో రెండో రోలరు పాడైపోయింది. కొత్తది వస్తోందన్నారు. అది వస్తూనే ఉంది. రెండు రోలర్ల దుప్పట్లూ ఆమె మీదే పడ్డాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అదే లాండ్రీలో ఉతికే దగ్గర పనిచేసే చెల్లెలు మోకాలి ఆపరేషనుకు సెలవు పెట్టింది. సాయంత్రాలు ఆమె ఇంటికెళ్ళి వండిపెట్టి రావడం కూడా తోడయింది.

"నీ బుల్లి గిటారు ఇంకా పుట్టలేదా అక్కా?" అనేది చెల్లెలు మంచం మీద నుంచి. "ఏనుగుకైనా ఈపాటికి నెలలు నిండుతాయి. చూస్తూ ఉండు, అది మాట్లాడేలోగా నా మోకాలు పరుగెత్తుతుంది."

నవ్వేది మడతక్క. కానీ లోపల ఏదో ఇంకిపోతూ వచ్చింది. కొత్తలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఒళ్ళోని సంచి మీద వేళ్ళు ఆడిస్తూ సాధన చేసేది. తర్వాత ఆ సంచి మీదే తల వాల్చి నిద్రపోయేది. తర్వాత తర్వాత ఆ సంగతి గుర్తొస్తే విసుగొచ్చేది, చేసిన పనికి కాక చెయ్యని పనికి ఎవరో తిడుతున్నట్టు. నాకెందుకొచ్చిన సరదా ఇది, అనుకుంది. వద్దని చెప్పేస్తే ఓ పని తీరిపోతుంది కదా.

ఒక శుక్రవారం, పని దిగి, ఏప్రను విప్పి సంచిలో కుక్కుకుని, అదే నడకన ఊరి ఆ చివరకు బయల్దేరింది. బస్సులో నిలబడే వెళ్ళింది. అచ్చాఫీసు మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఒకసారి ఆగి గోడకు ఆనుకుంది.

ముసలాయన ఆమెను చూసి, ఈసారి తలెత్తాడు. "నేనే కబురు చేద్దామనుకుంటున్నా. రండి, రండి" అంటూ గోడకున్న కొక్కెం నుంచి ఒకటి దించాడు. ఇంకా మెరుగు పెట్టలేదు. తెల్లగా, స్నానం చేయించిన పసిపిల్లలా ఉంది. తీగలు మాత్రం కట్టి ఉన్నాయి. మెడ వెనక, చిటికెన వేలు ముడుచుకుని దాక్కోవడానికి చిన్న పల్లం చెక్కి ఉంది. వద్దని చెప్పడానికి వచ్చిన మనిషి ఆ పల్లాన్ని చూసి, మాట మింగేసింది.

"పట్టుకోండి."

పట్టుకుంది. నొక్కింది. 'టక్' మంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చచ్చిన చప్పుడు. చిటికెన వేలు ఆ పల్లంలో పట్టడం లేదు. పైకి ఉబికి వస్తోంది. తీగల మధ్య వేలు దూరడం లేదు.

ముసలాయన మొహం పాలిపోయింది. కాగితం తీసి లెక్క చూశాడు. మైనం ముద్ద తెచ్చి మెడ పక్కన పెట్టి చూశాడు. గీత తేడా లేదు. "నలభై ఏళ్ళుగా చేస్తున్నా. ఇంత తప్పు ఎప్పుడూ రాలేదే!" అని తనలో తను గొణుక్కున్నాడు. కళ్ళద్దాలు మార్చి పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని దీపం కిందికి లాగాడు.

"ఇది ఆ చెయ్యి కాదు" అన్నాడు.

"నాకున్నది ఇదొక్కటే మాస్టారూ."

"ఆ రోజు వేళ్ళు ఇంత లావు లేవు. ఈ చర్మం ఇలా బిగిసి లేదు."

"ఓ అదా! ఎనిమిది గంటలు దుప్పట్లు పట్టాక ఇలాగే ఉబ్బుతుంది. తెల్లారేసరికి దిగుతుంది. ఆ రోజు నాకు సెలవు."

"మీరు దీన్ని వాయించేది ఎప్పుడు?"

"పని నుంచి వచ్చాక. ఇంకెప్పుడు వాయిస్తాను?"

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. "నేను సెలవు చేతికి చేశానమ్మా" అన్నాడు. "ఏడాదికి పట్టుమని యాభై రోజులుండే చేతికి. నన్నడిగితే, ఆ సంగతి మొదటి రోజే అడగాల్సింది నేను."

ఆయన అలసట చూస్తే ఆమెకు తన అలసటే ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. జాలేసింది. "పోనీలెండి మాస్టారూ. బంగారంలా ఉంది. నేనే ఎలాగోలా సర్దుకుంటాను."

ఆ మాటతో ఆయనకు టీచరమ్మ చెప్పిన కోపం వచ్చింది.

"సర్దుకోవడానికైతే ఇక్కడిదాకా ఎందుకొచ్చారు? కొట్లో దొరికేదానితో సర్దుకోలేకపోయారా? సర్దుకునేవాళ్ళకు నేనెందుకు, నా ఉలెందుకు?"

ఆమెను అలా ఎవరూ తిట్టలేదు. లాండ్రీలో ఆలస్యమైతే తిట్టారు, మరక పోకపోతే తిట్టారు. సర్దుకుంటానన్నందుకు తిట్టినవాడు ఈయనొక్కడే. అక్కడున్న బెంచీ మీద కూర్చుంది. కూర్చున్నాక గానీ తెలియలేదు, పొద్దుటి నుంచీ కూర్చోవడం అదే మొదటిసారని.

"కొత్త మెడ చెయ్యాలి" అన్నాడాయన కాస్త చల్లబడ్డాక. "వెడల్పుగా. తీగలు ఎడంగా కట్టి, వెనక ఇంకా లోతుగా తీస్తాను. మూడు రోజులు వరసగా రావాలి మీరు. పని దిగి, చేతులు కడుక్కోకుండా, విశ్రాంతి తీసుకోకుండా, నేరుగా ఇక్కడికే రావాలి."

"మూడు రోజులెందుకండీ?"

"అలసట రోజూ ఒకేలా ఉంటుందా?"

ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంకొకరికి తెలుస్తుందని మాత్రం అనుకోలేదు.

సోమవారం వెళ్ళింది. సోమవారం బట్టలు ఎక్కువ, చెయ్యి బాగా ఉబ్బింది. మంగళవారం కాస్త నయం. ప్రతిసారీ ఆయన కొత్త మైనం ముద్ద ఇచ్చేవాడు, ఆమె పట్టుకుని కూర్చునేది, ఆయన కొలిచేవాడు. పెద్దగా మాటలుండేవి కావు. మూడో రోజు మైనం కాస్త గట్టిగా ఉందని, అది చేతి వేడికి మెత్తబడే దాకా పట్టుకుని ఉండమన్నాడు. ఆమె బెంచీ మీద గోడకు చేరగిలబడింది. ఆయన ఏదో చెక్కను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. సర్... సర్... సర్... ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నది ఊరికే కాదు. గట్టి బెంచీ, జిగురు వాసన, మోకాళ్ళ మీద సంచి. అలాగే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ముసలాయన ఆమె ముందు నేల మీద కూర్చుని, చెయ్యి కదిలించకుండా, మైనం చుట్టూ దారం తిప్పి కొలుస్తున్నాడు.

"అయ్యో, లేపకపోయారా?"

"ఎందుకు లేపుతాను? ఇంత నిజమైన కొలత మెలకువగా ఉంటే ఇస్తారా ఎవరైనా?" అన్నాడు. "మెలకువలో చెయ్యి కాస్త గొప్పలు పోతుంది."

ఇంటికి చేరేసరికి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎక్కడికెళ్ళావని గద్దించబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "కొలతలిచ్చి వచ్చాను" అందామె. "ఇంకా ఎన్ని కొలతలు?" అన్నాడాయన. అని, వంటింట్లోకి వెళ్ళి తను వండిపెట్టినది తీసుకొచ్చాడు. ఉప్పు ఎక్కువైంది. ఆమె ఆ మాట అనలేదు.

ఏడు వారాలకు కబురొచ్చింది. ఈసారి మెరుగు పెట్టి ఉంది గానీ మెరవడం లేదు. నూనె రాసిన చెక్కలా మసకగా ఉంది. మెడ మామూలుకన్నా వెడల్పు. చూసేవాళ్ళకు కాస్త మొద్దుగా, పొట్టివాడికి పొడుగు చొక్కా తొడిగినట్టు కనిపిస్తుంది. పని దిగి నేరుగా వచ్చిన చేత్తో దాన్ని పట్టుకుంది. చిటికెన వేలు వెనకనున్న పల్లంలోకి వెళ్ళి కూర్చుంది. చూపుడు వేలు ఒక తీగ మీద, నడిమి వేలు ఇంకో తీగ మీద. బొటనవేలితో మీటింది.

నాలుగు తీగలూ పలికాయి.

సంతోషం అనేంత పెద్దదేమీ ఆమెకు కలగలేదు. కిక్కిరిసిన బస్సులో ఎవరో లేచి, కూర్చోండి అని చోటిచ్చినట్టనిపించింది. అంతే. అది చాలు.

"సెలవు రోజుల్లో కాస్త వదులుగా ఉంటుంది" అన్నాడు ముసలాయన తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఉండనివ్వండి. వదులుగా ఉన్నదానితో నేనెప్పుడూ బాధపడలేదు."

దాని కోసం ఒక పెట్టె కూడా అడిగింది. అది తన పని కాదన్నాడు. పాత దుప్పటి ముక్క ఒకటి సంచిలో ఉంటే, దాంట్లో చుట్టింది. ఆ చుట్టడం చూసి ముసలాయన, "ఇది మాత్రం నావల్ల కాదు" అన్నాడు. ఆ నాలుగు మూలలూ అంత ఒద్దికగా వచ్చాయి.

టీచరమ్మ రెండున్నర వేళ్ళతో పట్టుకోగల మూడు పట్లు వెతికి చూపించింది. మడతక్క సాయంత్రాలు వంటింటి కిటికీ దగ్గర ముక్కాలి పీట వేసుకుని పది నిమిషాలు కూర్చుంటుంది. కొన్నాళ్ళు పదిహేను. కొన్నాళ్ళు ఆ పీట దాకా కూడా వెళ్ళదు. గోడకున్న వాయిద్యాన్ని చూసి, ఇవాళ నావల్ల కాదమ్మా అని పడుకుంటుంది. కొత్త రోలరు ఇంకా రాలేదు. చెల్లెలు మాత్రం పనిలోకి వచ్చింది. ఒకసారి ఇంటికొచ్చి విని, "బాగానే ఉంది కానీ అక్కా, ఇది పాటా, పాటకు ముందు చేసేదా?" అని అడిగింది.

మొన్నొక సాయంత్రం భర్త బాగా నలిగిపోయి వచ్చాడు. పదకొండో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టు కింద పొద్దుట్నుంచీ మోకాళ్ళ మీద పాకాడట. గుమ్మం పక్క పీట మీద కూర్చుని ఒక బూటు విప్పాడు. రెండోది విప్పే ఓపిక లేక అలాగే గోడకు ఆనుకున్నాడు. ఆమె వంటింట్లోంచి ఆయనను చూడలేదు. తనకొచ్చిన మూడు పట్లనూ ఒకదాని వెనక ఒకటి వాయిస్తోంది. తడబడుతూ, సర్దుకుంటూ, మళ్ళీ మొదలుపెడుతూ. కాసేపటికి ఆపేసింది.

"ఆపేశావేం?" అని వినబడింది గుమ్మం వైపు నుంచి.

ఉలిక్కిపడింది. "మీరెప్పుడొచ్చారు? ఆ తర్వాతది నాకు రాదండీ."

గోడకు తల ఆనిన చప్పుడు వినిపించింది. ఆయన నిద్రపోయాడేమో అనుకుంది.

"వచ్చినదాకానే మళ్ళీ మొదట్నుంచి కానీ" అన్నాడాయన.

ఆమె పీట మీద కాస్త సర్దుకుని, మొదటి పట్టు పట్టింది.